సముద్రం లెక్క ఒడ్డున ఆగిపోతోంది, కొండెక్కడం లేదు



2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటింది. అది ఎక్కడ పుట్టిందో, ఎటు కదులుతోందో, ఎంత బలంగా ఉందో, ఎప్పుడు ఒడ్డెక్కుతుందో వాతావరణ శాఖకి ముందే తెలుసు. పైన ఉపగ్రహాలున్నాయి, సముద్రంలో తేలే యంత్రాలున్నాయి, తీరం పొడవునా రాడార్లున్నాయి. ఆ లెక్కలు చూసుకునే ఒడిశా ప్రభుత్వం తీర ప్రాంతం నుంచి మూడు లక్షల మందిని తరలించింది. బాగుంది, మెచ్చుకోవాల్సిందే.

మరి ఒడిశాలో ఎక్కువ మంది ఎక్కడ చనిపోయారు? తీరంలో కాదు, గజపతి జిల్లా కొండల్లో. సవరలు, కోందులు బతికే కొండల్లో. తుపాను ఒడ్డెక్కాక బలహీనపడిందని అందరూ ఊపిరి పీల్చుకున్న వేళ అది ఆ కొండల మీద కుంభవృష్టి కురిపించింది. బరఘరా అనే ఊరి దగ్గర వానకి తలదాచుకున్న జనం మీద కొండచరియ విరిగిపడింది. ఆ ఒక్క చోటే పదిమందికి పైగా పోయారు.

తుపాను ఎక్కడికి వెళ్తుందో చెప్పిన శాస్త్రం తప్పు చెప్పలేదు. ఆ మాట కొండ మీదికి చేరలేదు, అంతే. సముద్రాన్ని కొలుస్తున్నారు, గాలిని కొలుస్తున్నారు, కొలిచినదాన్ని బట్టి పాలసీలు రాస్తున్నారు. ఆ కొలత వల్ల వచ్చే రక్షణ ఒడ్డున ఆగిపోతోంది. ఆ కొలత పేరు చెప్పుకుని వచ్చే భారం మాత్రం తిన్నగా మన కొండెక్కుతోంది. ఈ వ్యాసం దాని గురించే.

ముందు, వాళ్ళు ఏం కొలుస్తున్నారో తెలుసుకుందాం

మనలో చాలామంది సముద్రం చూసి ఉండరు. కానీ మన సామలు, చోళ్ళు, కంది పండుతాయో ఎండుతాయో అక్కడే తేలుతుంది. హిందూ మహాసముద్రం వేడెక్కితే మన వాన మారుతుంది. ఎక్కడో పసిఫిక్‌లో నీళ్ళు వేడెక్కి ఎల్‌నినో వస్తే, చాలాసార్లు మన దగ్గర ఆషాఢం పొడిపొడిగా పోతుంది.

దీన్ని కొలిచేందుకు ప్రపంచ సముద్రాల్లో దాదాపు నాలుగు వేల ఆర్గో ఫ్లోట్లు తిరుగుతున్నాయి. మనిషంత పొడుగు గొట్టాలు అవి. వెయ్యి మీటర్ల లోతున ప్రవాహంతో పాటు కొట్టుకుపోతుంటాయి. పది రోజులకోసారి రెండు వేల మీటర్ల లోతుకి దిగి, అక్కడినుంచి పైకి వస్తూ నీటి వేడిని, ఉప్పదనాన్ని కొలుస్తాయి. పైకి తేలాక ఆ లెక్కని ఉపగ్రహానికి పంపించి మళ్ళీ మునుగుతాయి. మన దేశం వదిలిన ఫ్లోట్ల లెక్కలు చూసే సంస్థ ఎక్కడో లేదు. హైదరాబాద్‌లోనే ఉంది. పేరు ఇన్‌కాయిస్, 1999లో పెట్టారు. సునామీ హెచ్చరిక ఇచ్చేది కూడా వాళ్ళే.

ఈ ఫ్లోట్లు, ఓడలు, ఉపగ్రహాలు కలిసి తేల్చిన మాట ఏంటంటే, భూమి మీద పెరిగిన వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే మింగింది. వేడెక్కిన సముద్రం నుంచి ఎక్కువ ఆవిరి లేస్తుంది, వాన నడక మారిపోతుంది. పుణేలోని ఐఐటీఎం శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో ఒక లెక్క తేల్చింది: 1950 నుంచి 2015 మధ్య, మధ్య భారతంలో విపరీతమైన కుండపోత వానలు మూడింతలయ్యాయి. మధ్య భారతం అంటే ఎవరిది? గోండులది, కోయలది, కోలాములది, కోందులది. ఊళ్ళో పెద్దవాళ్ళు "వాన ఇదివరకట్లా లేదురా, పడితే ఒక్కసారే పడుతోంది, లేకపోతే లేదు" అంటారే, సరిగ్గా అదే మాట యంత్రాలూ చెప్తున్నాయి.

దోషి ఎవరో గాలే చెప్పింది

ఇక గాలి సంగతి. 1958లో చార్ల్స్ డేవిడ్ కీలింగ్ అనే శాస్త్రవేత్త హవాయి దీవుల్లో మౌనా లోవా కొండ మీద గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు పది లక్షల పాళ్ళ గాలిలో అది 315 పాళ్ళ దగ్గర ఉండేది. 2013లో మొదటిసారి 400 తాకింది. 2024 సగటు 424 దాటింది. ఫ్యాక్టరీలు పుట్టకముందు, పాత కాలంలో అది 280 దగ్గరే ఉండేది.

సరే, పెరిగింది. ఎవరివల్ల పెరిగింది?

ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఎందుకంటే మనకి అన్నిటికంటే పనికొచ్చే ముక్క ఇదే. బతికున్న చెట్టులో కార్బన్-14 అనే రకం కార్బన్ కొద్దిగా ఉంటుంది. చెట్టు చచ్చాక అది మెల్లగా తరిగిపోతుంది. బొగ్గు, చమురు కోట్ల ఏళ్ళ నాటివి కాబట్టి వాటిలో అది అసలు మిగల్లేదు. చెట్టు కాలిస్తే వచ్చే పొగలో అది ఉంటుంది, బొగ్గు కాలిస్తే వచ్చే పొగలో ఉండదు. కాబట్టి గాలిని పట్టి పరీక్షిస్తే ఆ పొగ ఏ పొయ్యిలోంచి వచ్చిందో తెలిసిపోతుంది. 1950లలోనే హన్స్ సూస్ అనే శాస్త్రవేత్త దీన్ని పట్టుకున్నాడు. ఇవాళ మనుషుల పనుల వల్ల గాలిలోకి పోయే కార్బన్ డయాక్సైడ్‌లో పది పాళ్ళకి దాదాపు తొమ్మిది పాళ్ళు బొగ్గు, చమురు, గ్యాస్, సిమెంటు నుంచే వస్తోంది. మిగతాది అడవులు పోవడం వల్ల. అందులోనూ పెద్ద వాటా అమెజాన్‌లో, ఇండోనేషియాలో, కాంగోలో జరిగే నరికివేతది.

మరి చిన్నప్పటి నుంచి మనం విన్నదేంటి? "పోడోళ్ళే అడవిని నాశనం చేస్తున్నారు, పోడు పొగ వల్లే వానలు పోతున్నాయి." ఫారెస్టోళ్ళు అన్నారు, మైదానం పేపర్లు రాశాయి, ఆఖరికి మన పిల్లల చేత కూడా అనిపించారు. గాలిని పట్టి కొలిచిన యంత్రం అలా చెప్పలేదు. కేసు పెట్టింది మన మీద. సాక్ష్యం మాత్రం థర్మల్ కేంద్రాల మీద ఉంది.

కొలత ఒకటి, తీర్పు ఇంకొకటి

కొలతని బట్టి నిజాయితీగా పాలసీ చేస్తే ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ ఉంది. 1985లో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అనే ముగ్గురు బ్రిటిష్ శాస్త్రవేత్తలు అంటార్కిటికాలో ఏళ్ళ తరబడి కొలిచిన లెక్కలు బయటపెట్టారు. ఓజోన్ పొర పల్చబడుతోందని తేలింది. దానికి కారణం ఫ్రిజ్‌లలో, స్ప్రేలలో వాడే రసాయనాలు. రెండేళ్ళకి కాస్త పైగా గడిచేసరికి, 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. ఆ రసాయనాలు తయారుచేసేవాళ్ళ మీదే ఆంక్ష పెట్టారు. వాటి తయారీ అంచెలంచెలుగా ఆగింది. ఓజోన్ పొర ఇప్పుడు మెల్లగా కోలుకుంటోంది. చూశారా? కొలత ఎవరిని చూపించిందో, పాలసీ వాళ్ళ దగ్గరికే వెళ్ళింది.

కార్బన్ విషయంలో ఏమైంది? కొలత బొగ్గు గనిని చూపించింది. పాలసీ అడవిలోకి వచ్చింది.

2024-25లో మన దేశం తవ్విన బొగ్గు 100 కోట్ల టన్నులు దాటింది. దాన్ని ఘనతగా ప్రకటించుకున్నారు. ఆ గనులు ఎవరి భూముల్లో ఉన్నాయి? కొత్తగూడెం నుంచి ఆసిఫాబాద్ దాకా సింగరేణి చూడండి, ఛత్తీస్‌గఢ్‌లో హస్దేవ్ చూడండి. అడవి పోయింది మనది. బొగ్గు వెళ్ళింది వాళ్ళ కరెంటుకి.

ఇంకోవైపు అదే ప్రభుత్వం, 2030 నాటికి చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ పీల్చేలా చేస్తామని ప్రపంచానికి మాటిచ్చింది. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించినప్పుడు పీఠికలోనే ఈ లక్ష్యం రాసుకున్నారు. పీఠికలో వాతావరణం గురించి అంత గొప్పగా రాసి, లోపల ఏం పెట్టారు? తీవ్రవాద ప్రాంతం అని ముద్ర వేసిన చోట 5 హెక్టార్ల దాకా క్యాంపులకి, ప్రజావసరాల పేరుతో కట్టేవాటికి అటవీ అనుమతే అక్కర్లేదన్నారు. అంతకు ముందే 2022 నిబంధనల్లో, కేంద్రం అనుమతి ఇచ్చేముందు అటవీ హక్కుల చట్టం అమలైందా, గ్రామసభ ఒప్పుకుందా అని చూసే బాధ్యతని పక్కకి జరిపి రాష్ట్రాల మీదికి నెట్టారు. జాతీయ ఎస్టీ కమిషనే దీనికి అభ్యంతరం చెప్పింది. వినలేదు.

తర్వాత 2023 అక్టోబర్‌లో గ్రీన్ క్రెడిట్ నిబంధనలొచ్చాయి. "క్షీణించిన" అటవీ భూమిలో డబ్బు పెట్టి మొక్కలు నాటిస్తే కంపెనీకి క్రెడిట్ వస్తుంది. క్షీణించింది అని ఎవరు చెప్తారు? మనం ఒక ఏడు దున్ని మూడేళ్ళు వదిలేసిన పోడు, మేకలు మేసే గుట్ట, విప్పపూలు ఏరుకునేందుకు ఊడ్చిపెట్టుకున్న చోటు, ఇవన్నీ వాళ్ళ పటంలో ఖాళీ భూములే. అదే అటవీ సర్వే లెక్కలో, ఒక హెక్టారుకి మించిన స్థలంలో పదో వంతు ఆకు నీడ ఉంటే చాలు, అది అడవి కిందే లెక్క. నీలగిరి తోటయినా సరే, మామిడి తోటయినా సరే. పైనుంచి ఉపగ్రహం ఆకుపచ్చదనం చూస్తుంది. దాని కింద అడ్డాకులు దొరుకుతాయా, గడ్డలు దొరుకుతాయా అన్నది అది చూడదు. అది చూడలేనిదాన్ని చూడాల్సింది గ్రామసభ. ఆ గ్రామసభనే అడగరు.

ఇప్పుడు అల్లూరి జిల్లాలో పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులు. పేరు "గ్రీన్ ఎనర్జీ". కొండ పైన ఒక రిజర్వాయరు, కింద ఒకటి. పగలు సోలార్ కరెంటుతో నీళ్ళు పైకి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీస్తారు. సాంకేతికంగా అది పనికొచ్చే పద్ధతే, కాదనను. కానీ షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీకి భూమి కట్టబెట్టడం కుదరదని 1997లో సమత తీర్పు చెప్పింది కదా? పెసా ఉంది కదా? 1/70 ఉంది కదా? భూమి వేడెక్కుతోందన్న మాట వినపడగానే ఇవన్నీ చెరిగిపోతాయా? వాతావరణం ఎమర్జెన్సీ అంటున్నారు. ఎమర్జెన్సీలో ముందు మంట పెట్టినోడి చెయ్యి పట్టుకోవాలి. పక్కింటోడి బావిని లాక్కోవడం కాదు.

మనవాళ్ళతో కూడా ఒక మాట

ఇంతా విని మనలో కొందరు అంటారు: "ఈ యంత్రాలూ లెక్కలూ వాళ్ళవి. మనకెందుకు? మన తాతలకి చీమల్ని చూసి వాన తెలిసేది, చెట్టు పూతని చూసి ఏడాది తెలిసేది."

తమ్ముడూ, చెల్లీ, కోపం తెచ్చుకోకండి. ఆ తెలివి గొప్పదే. కానీ తాత చూసిన ఆకాశం ఇప్పుడు లేదు. వాన నడకే మారిపోయినప్పుడు పాత గుర్తులు ఒక్కటే సరిపోవు. ఇంకో సంగతి, కోర్టులో చీమలు సాక్ష్యం చెప్పవు. మిల్లీమీటర్లు చెప్తాయి.

గోదావరి ఒడ్డు కోయల్ని అడగండి. భద్రాచలం దగ్గర 43 అడుగులు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. ఈ మూడు అంకెలూ అక్కడ ముసలమ్మకి కూడా నోటికి వచ్చు. 2022 జూలై 16న నీళ్ళు 71.3 అడుగులకి వచ్చాయి. 1986 తర్వాత అంత వరద అదే. చింతూరు, వీఆర్ పురం, కూనవరం, ఎటపాక మునిగాయి. పోలవరం మొదటి దశ ముంపు జాబితాలో లేని ఊళ్ళలోకి కూడా నీళ్ళొచ్చాయి. అప్పుడు జనం ఏం పట్టుకుని రోడ్డెక్కారు? కొలతనే. కాంటూరు లెక్క 41.15 మీటర్లా, 45.72 మీటర్లా అని అధికారుల్ని నిలదీశారు. చదువు అంతగా లేనివాళ్ళు కూడా ఆ అంకెలు నేర్చుకున్నారు, ఎందుకంటే వాళ్ళ ఇల్లు ఆ రెండు అంకెల మధ్య ఉంది. అంకె మన చేతిలో ఉంటే మన ఆయుధం. వాళ్ళ చేతిలోనే ఉంటే మన మెడకి ఉరి.

ఇంకో సంగతి కూడా గమనించండి. కొలతంటే మనకంటే ఎక్కువ భయపడేవాళ్ళున్నారు. పసిఫిక్‌లో ఎల్‌నినోని కనిపెట్టే బోయ్‌ల వరుస ఒకటుంది. 2012లో అమెరికా వాటిని బాగుచేసే ఓడని ఆపేసింది. రెండేళ్ళలో అక్కడినుంచి వచ్చే సమాచారం సగానికంటే కిందికి పడిపోయింది. 2025లో అక్కడి ప్రభుత్వం ఇంకో అడుగు వేసింది. కీలింగ్ మొదలుపెట్టిన మౌనా లోవా కేంద్రానికి కూడా డబ్బు ఆపాలని బడ్జెట్‌లో ప్రతిపాదించింది. ఎందుకంటారు? జ్వరం లేదని చెప్పాలంటే థర్మామీటరు విరగ్గొట్టడం తేలిక. కాబట్టి "కొలతలు మనకొద్దు" అని మనం అంటే, బొగ్గు వ్యాపారులు కోరుకునే మాటే మన నోటితో అన్నట్టవుతుంది.

మనం అడగాల్సింది ఏంటి?

2024 సెప్టెంబర్‌లో కేంద్రం మిషన్ మౌసమ్ అని 2,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. కొత్త రాడార్లు, కొత్త కంప్యూటర్లు, మెరుగైన అంచనాలు అన్నారు. మంచిదే. అందులో కొండల వాటా ఎంత? అడుగుదాం.

ఒకటి. మన దగ్గర కరువు ప్రకటించేది మండలాన్ని యూనిట్‌గా తీసుకుని. మండల కేంద్రంలో పడిన వాన, రెండు కొండలు దాటి ఉన్న గూడెంలో పడిన వాన ఒకటి కాదు. ఏజెన్సీలో ఈ సంగతి పిల్లలకి కూడా తెలుసు. కేంద్రంలో కురిస్తే కాగితం మీద మనందరికీ కురిసినట్టే. కాబట్టి ఏజెన్సీలో ప్రతి పంచాయతీకి ఒక వానమాపకం కావాలి. దాని లెక్క సచివాలయం గోడ మీద రోజూ రాయాలి.

రెండు. హెచ్చరిక మన భాషలో రావాలి. సెల్ సిగ్నల్ లేని చోటికి తెలుగు మెసేజ్ పంపి "హెచ్చరించాం" అంటే కుదరదు. కువి, కోయ, గోండి, సవర, కోలామి, ఆదివాసీ ఒడియా భాషల్లో, గొంతుతో, మైకులో రావాలి. తీరంలో తుపాను షెల్టర్లు కట్టారు. కొండచరియలు జారే చోట మనకి షెల్టరు ఏది?

మూడు. వాతావరణం పేరు చెప్పి మన నేల మీదికి వచ్చే ఏ ప్రాజెక్టయినా, మొక్కలు నాటడమైనా, డ్యామ్ అయినా, దాని లెక్కలన్నీ ముందు గ్రామసభ ముందు, గ్రామసభకి అర్థమయ్యే భాషలో పెట్టాలి. ఎంత కార్బన్ మిగులుతుంది, ఎవరి ఖాతాలో పడుతుంది, ఎన్ని ఎకరాలు పోతాయి? జవాబు వచ్చాకే ఒప్పుకోలు సంగతి.

నాలుగోది ప్రభుత్వాన్ని అడిగేది కాదు, మనం చేసేది. మీ ఊళ్ళో వాన మీరే కొలవండి. అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పున్న, అడుగు సమంగా ఉన్న డబ్బా ఒకటి చాలు. చెట్టుకీ చూరుకీ దూరంగా, కదలకుండా పెట్టండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి, వాతావరణ శాఖ కొలిచే వేళకే, స్కేలుతో నీటి ఎత్తు కొలవండి. పది మిల్లీమీటర్ల నీళ్ళుంటే పది మిల్లీమీటర్ల వాన. తేదీ వేసి నోటుబుక్కులో రాసి నీళ్ళు పారబోయండి. 64.5 దాటితే వాతావరణ శాఖ లెక్కలో భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. పంట పోయిన రోజున, గోడ కూలిన రోజున, ఊరందరి సంతకాలతో ఆ పుస్తకం తహసీల్దారు బల్ల మీద పెట్టండి. "మీ లెక్కలో వాన లేదు, మా లెక్కలో ఉంది, వచ్చి చూడండి" అనండి. దాన్ని ప్రభుత్వం ఒప్పుకోకపోవచ్చు. కానీ ఊరి పుస్తకాలు పది, ఇరవై, వంద పోగయ్యాక, మండలానికి ఒక్క అంకె చాలు అని చెప్పడం వాళ్ళకి కష్టమవుతుంది.

మన పిల్లల్లో ఎంతమంది వాతావరణ శాస్త్రం చదువుతున్నారు? ఇన్‌కాయిస్ మన హైదరాబాద్‌లోనే ఉంది కదా, అందులోకి మనవాళ్ళు ఎంతమంది వెళ్ళారు? డిగ్రీలో భౌతికశాస్త్రం, గణితం తీసుకున్న చెల్లెళ్ళూ, తమ్ముళ్ళూ, ఈ దారి కూడా చూడండి. పటం గీసే గదిలో మనిషి లేకపోతే, పటంలో మన ఊరు ఖాళీ భూమిగానే ఉంటుంది.

సముద్రం ఎంత వేడెక్కిందో లెక్క ఉంది. గాలిలో ఎంత పొగ చేరిందో లెక్క ఉంది. ఆ పొగ ఎవరిదో కూడా లెక్క ఉంది. లేనిదల్లా ఆ లెక్క ప్రకారం నడిచే న్యాయం. అది ఢిల్లీ నుంచి దానంతట అది కొండెక్కి రాదు. గ్రామసభలో కూర్చుని, చేతిలో నోటుబుక్కు పట్టుకుని మనమే అడగాలి.

జల్, జంగల్, జమీన్ అన్నాం ఇన్నాళ్ళూ. వాటితో పాటు ఇప్పుడు గాలి లెక్క, వాన లెక్క కూడా మన హక్కే.

జోహార్.